ఉమ్మడి కంపెనీలో కునుకు

మా లియుహె పట్టణంలో మధ్యాహ్నం భోజనాలయ్యాక మెలకువగా ఉండే మనిషి ఒకే ఒక్కడు. ఆ ఒక్కడూ నేనే. బ్యాంకూ, ఆసుపత్రీ, పోలీసు ఠాణా, ఆఖరికి ఠాణా ముందు కట్టేసిన కుక్క కూడా గుర్రుపెట్టే వేళ, పంపుల ఫ్యాక్టరీ గేటుకెదురుగా గొడుగు కింద వేయించిన పొద్దుతిరుగుడు గింజల బుట్ట పెట్టుకుని, కళ్ళు చింతాకంత కూడా మూయకుండా కూచునేవాణ్ణి. కాబట్టి ఆ ఫ్యాక్టరీలో ఏం జరిగిందో చెప్పే అర్హత నాకు తప్ప ఇంకెవరికీ లేదు. నేను చదివింది ఊరిబడిలో అయిదో తరగతే. చూసింది చూసినట్టు చెప్పడానికి ఆ మాత్రం చదువు ఎక్కువే.

మొదటగా చూసింది సభ. డెన్మార్క్ కంపెనీవాళ్ళ రైలు ఆలస్యం కావడంతో పొద్దున జరగాల్సిన ప్రారంభోత్సవం భోజనాలయ్యాక జరిగింది. జిల్లా పార్టీ కార్యదర్శి ఛియావ్ గ్వాంగ్‌మింగ్ గారు ఎర్రగుడ్డ పరిచిన వేదికెక్కి, మైకుని రెండుసార్లు గోకి, కాగితం తీశారు. ఆయన ప్రసంగం చదివేటప్పుడు తలెత్తరు. తలెత్తితే వరస తప్పుతుందని ఆయన నియమం.

“ఈరోజు తూర్పూ పడమరా చేతులు కలిపాయి! మన శ్రమ, వారి శాస్త్రం! ఈ ఉమ్మడి కంపెనీలో తయారయ్యే ప్రతి పంపూ నీళ్ళనే కాదు, రెండు నాగరికతల స్నేహాన్ని పైకి తోడుతుంది! ఇక్కడ ఇద్దరి అలవాట్లకీ సమాన గౌరవం ఉంటుంది!”

హాలు చప్పట్లతో దద్దరిల్లిపోయింది. చప్పట్ల హోరుకి చూరులోని పావురాళ్ళు లేచి ఫ్యాక్టరీ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, ఎక్కడ వాలాలో తెలియక పక్క జిల్లాకి వెళ్ళిపోయాయి.

ఆ మర్నాడే ఇద్దరి అలవాట్లూ ఎదురుపడ్డాయి.

డెన్మార్క్ వైపు నుంచి జనరల్ మేనేజరుగా వచ్చినాయన హెన్నింగ్ స్కౌ. తాటిచెట్టంత మనిషి. చైనా భాష పుస్తకంలో నేర్చుకున్నాడు గనక పుస్తకంలాగే మాట్లాడేవాడు. భోజనం నుంచి తిరిగొచ్చి ఆఫీసు తలుపు తీసేసరికి లోపల చీకటి. కర్టెన్లు వేసి ఉన్నాయి. బల్లల కింద కాళ్ళు, బల్లల మీద తలలు. నడిమధ్యలో ఆకుపచ్చ మడతమంచం మీద ఒక పెద్దమనిషి, ముఖం మీద సగానికి తువ్వాలు, గుండె మీద అంచు పెచ్చులూడిన సత్తు మగ్గు. శ్వాసతో పాటు మగ్గు లేస్తోంది, దిగుతోంది, ఒక్క చుక్క టీ ఒలకడం లేదు.

ఆయనే గెంగ్ దెషున్. ఫ్యాక్టరీ వ్యవహారాల ఆఫీసుకి పెద్ద. తోటివాళ్ళకి గెంగన్న. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు గానీ, గెంగన్న నిద్ర అన్నీ ఎరుగును. భోజనం గంట మోగీ మోగకముందే మంచం విప్పేవాడు, పని గంటకి ముందే తనంతట తనే లేచేవాడు. ఊళ్ళో కొందరు ఆయన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్ళు.

స్కౌ ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. దాన్ని డెన్మార్క్ హెడ్డాఫీసుకి పంపించాడు. కింద ఒకే మాట రాశాడు: ‘సమస్య’.

హెడ్డాఫీసు ఆ సమస్యని అన్ని వైపుల నుంచీ చూసి, ఇది నిద్ర కాదు, సంస్కృతుల మధ్య దూరం అని తేల్చింది. దూరం తగ్గాలంటే ట్రైనింగు కావాలి. స్కౌని షాంఘైకి పంపారు, చైనావాళ్ళతో మెలగడం ఎలాగో నేర్చుకోవడానికి. గెంగన్నని చింగ్‌దావ్ పంపారు, పడమటివాళ్ళతో మెలగడం ఎలాగో నేర్చుకోవడానికి.

బయల్దేరేముందు ఛియావ్ గారు గెంగన్నని పిలిచారు.

“ఏమయ్యా గెంగ్, రాష్ట్రంలో ఆదర్శ ఉమ్మడి కంపెనీల లిస్టు తయారవుతోంది. అందులో మనం లేకపోతే నేను తలెత్తుకోలేను. ఈ ట్రైనింగు నువ్వు బాగా చేస్తే డిప్యూటీ జనరల్ మేనేజరువి. డిప్యూటీ హోదాకి కొత్త క్వార్టర్లలో ఫ్లాటు వస్తుంది. దక్షిణం వైపు కిటికీ.”

దక్షిణం కిటికీ అనగానే గెంగన్నకి భార్య కుయ్‌ఫెన్ మోకాళ్ళు గుర్తొచ్చాయి. వాళ్ళ పాత ఇల్లు ఉత్తరం ముఖం. చలికాలమంతా గోడలు చెమ్మ కక్కుతాయి, ఎండ అనేది ఎదురింటి డాబా మీద కనిపించడమే. ఆవిడ మోకాళ్ళు తలుపు కిర్రుమన్నట్టు కిర్రుమంటాయి.

“బాగా చేయకపోతేనండి?”

“గేటు గదిలో కాపలా ఉద్యోగం ఖాళీగా ఉంది.”

ఇంటికెళ్ళి చెబితే కుయ్‌ఫెన్ రొట్టెల పిండి మీంచి తలెత్తకుండా అంది: “నువ్వు పడమటివాళ్ళలాగా మాట్లాడతావా? పెళ్ళిచూపుల్లో నన్ను చూసి, పిల్ల నచ్చిందా అని మా నాన్న అడిగితే ‘పరిశీలిస్తాం’ అన్నావు. ముప్పయ్యేళ్ళయింది. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నావు.”

“మరి అవునంటే తొందరపడ్డట్టుంటుంది, కాదంటే మీ నాన్న మొహం చిన్నబోతుంది.”

“ఇప్పుడు నా మోకాళ్ళు చిన్నబోతున్నాయి. వెళ్ళి నేర్చుకురా. దక్షిణం కిటికీ లేకుండా గడప తొక్కకు.”

చింగ్‌దావ్‌లో గెంగన్నకి నేర్పింది ఇదీ: పడమటివాడికి డొంకతిరుగుడు పనికిరాదు. కళ్ళలోకి చూడాలి. ఇష్టం లేని పనిని మొహం మీదే ‘కుదరదు’ అనాలి. అద్దం ముందు నిలబెట్టి అనిపించారు. మొదటిరోజు గెంగన్న తన మొహానికి తనే క్షమాపణ చెప్పుకున్నాడు. కోర్సు ముగిసేనాటికి అద్దమే భయపడేలా అనగలిగాడు.

షాంఘైలో స్కౌకి నేర్పింది ఇదీ: చైనావాడు మొహం మీద ఎన్నడూ కాదనడు. నవ్వితే కాదని, దగ్గితే కాదని, ‘చూద్దాం’ అంటే అస్సలు కాదని. ముందు కుటుంబ కుశలం అడగాలి. విందులో చేప తల ఎవరివైపు తిరిగితే వాళ్ళు ముందు గ్లాసు ఎత్తాలి. పైకి వినపడే మాటని నమ్మకూడదు, దాని వెనక ఉన్నదాన్ని వినాలి.

ఇద్దరూ మొదటి ర్యాంకుతో పాసై తిరిగొచ్చారు. ఛియావ్ గారి ఎదుట, పెద్ద బల్లకి చెరోవైపు కూచున్నారు.

స్కౌ లేచి నడుం వంచాడు. “గౌరవనీయులైన గెంగ్ మహాశయా, తమ ధర్మపత్ని కుశలమా? తమ కుమార్తె కుశలమా? తమ మాతామహులు కుశలమా?”

“మా తాత పోయి చాలా కాలమైందండి.”

“మిక్కిలి సంతోషము. మధ్యాహ్న నిద్రను నిలుపుదల చేయవలెనని చిన్న మనవి.”

గెంగన్న స్కౌ నీలికళ్ళలోకి సూటిగా చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, సాటి మనిషి మొహం మీద అన్నాడు:

“కుదరదు.”

ఛియావ్ గారి టీ కప్పు నోటికీ బల్లకీ మధ్య ఆగిపోయింది. స్కౌ మొహంలో రంగులు మారాయి. చైనావాడు మొహం మీద కాదనడే! నవ్వలేదు, దగ్గలేదు, చూద్దామనలేదు. కాబట్టి ఇది కాదనడం కానేకాదు. వెనక ఇంకేదో ఉంది. చాలా లోతైనదే ఉండాలి. కాసేపటికి స్కౌకి అది దొరికింది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. బల్ల చుట్టూ తిరిగొచ్చి గెంగన్న చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

“మహాశయా, తమ ఔదార్యమునకు కృతజ్ఞుడను.”

“అయ్యో, కుదరదన్నానండీ!”

“రెండు మార్లు!” అన్నాడు స్కౌ ఛియావ్ గారి వైపు తిరిగి. “రెండు మార్లు అనుగ్రహించిరి!”

ఛియావ్ గారు కరచాలనం చూశారు. కరచాలనం జరిగిందంటే ఒప్పందం జరిగినట్టే, ఒప్పందం జరిగిందంటే ఫోటోగ్రాఫరు రావాల్సిందే. ఫోటోలయ్యాక గెంగన్న భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్ళారు.

“భలే దెబ్బ కొట్టావయ్యా. కుదరదంటూనే కుదిర్చావు.”

“కార్యదర్శి గారూ, నేను నిజంగానే కుదరదన్నానండి.”

ఛియావ్ గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “నిజంగా అన్నావని బయటపడితే గేటు గది. నిజంగా అనలేదంటే డిప్యూటీ మేనేజరు. నిజంగా అన్నావా?”

గెంగన్న ఎండ కోసం మొహం వాచిన మోకాళ్ళని తలుచుకున్నాడు.

“పరిశీలిస్తానండి.”

“అదీ నా గెంగ్!”

మర్నాడు గోడపత్రికలో వార్త. మెలకువ విభాగానికి డిప్యూటీ జనరల్ మేనేజరుగా గెంగ్ దెషున్ నియామకం. దక్షిణం కిటికీ ఫ్లాటు మాత్రం రాష్ట్రం నుంచి తనిఖీ బృందం వచ్చి, ఫ్యాక్టరీలో మధ్యాహ్నం ఒక్క మూసిన కన్ను కూడా లేదని రాసి ఇచ్చాకే.

గెంగన్న ఆ రోజు నుంచి నిద్రకి శత్రువయ్యాడు. మడతమంచాలన్నీ స్వాధీనం చేసుకుని స్టోరు గదిలో పడేయించాడు. అన్నిటికన్నా పైన పడింది తన ఆకుపచ్చ మంచమే. భోజనాల వేళ లౌడుస్పీకర్లలో కవాతు పాటలు పెట్టించాడు. వంటశాలలో ఎర్రగా ఉడికిన పందిమాంసం ఆపించి, ఎండుమిరపకాయల కూర చేయించాడు. వెల్డింగు షాపు మేస్త్రీ బియాన్ పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చాడు.

“గెంగన్నా, పాతికేళ్ళు పక్కపక్క మంచాల మీద పడుకున్నాం. ఒకే దోమ మనిద్దర్నీ కుట్టేది. నా నిద్ర అమ్ముకోవడానికి నీకు మనసెలా ఒప్పింది?”

“నేను అమ్మలేదురా బియాన్. కుదరదన్నాను.”

“నువ్వా? కుదరదన్నావా?” బియాన్ చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. “ఒరేయ్, గెంగన్న కుదరదన్నాడంట్రా!” వంటశాల అంతా ఎంత నవ్విందంటే, ఆ ఒక్క మధ్యాహ్నం ఎవరికీ నిద్ర రాలేదు.

కానీ రోజూ నవ్వలేరు కదా. బియాన్ తన షాపులో కొత్త పద్ధతి పెట్టాడు. వెల్డింగు ముసుగు కిందికి దించితే మనిషి అతుకు పెడుతున్నాడో కునుకు తీస్తున్నాడో పుట్టించినవాడికి కూడా తెలియదు. ముసుగులకి గిరాకీ పెరిగింది. గుమాస్తాలూ తెచ్చుకున్నారు. టైపిస్టు పిల్ల ముసుగు వేసుకుని టైపు చేస్తుంటే, ఇది భద్రతా స్పృహ అని ఛియావ్ గారు మెచ్చుకున్నారు.

అలా నిలబడి నిద్రపోయే జనం బిగించిన పంపులు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి. కొన్ని తిరగేసి బిగించారు. కొండపక్క ఊళ్ళో ఒక పంపుని బావిలో దించి స్విచ్చి వేస్తే, పైన తొట్టిలో ఉన్న నీళ్ళు బావిలోకి వెళ్ళిపోయాయి. రైతులు తిట్టుకుంటూ పంపుని ట్రాక్టరు మీద వేసుకొచ్చారు. ఛియావ్ గారు గేటు దగ్గరే వాళ్ళకి దండలు వేయించి, భూమాతకి నీళ్ళు తిరిగిచ్చే పంపు లోకంలో ఇదే మొదటిదని ప్రకటించారు. రైతులు దండలతో, పంపుతో తిరిగి వెళ్ళారు. పంపుకి పర్యావరణ బహుమతి వచ్చింది.

ఈ అందరిలో నిజంగా మెలకువగా ఉన్నది గెంగన్న ఒక్కడే. ముసుగు వేసుకోవడానికి ఆయన హోదా ఒప్పుకోదు. మధ్యాహ్నమయ్యేసరికి కాళ్ళు పత్తిమూటలయ్యేవి. గోడని బియాన్ అనుకుని తిట్టేవాడు. బియాన్‌ని గోడనుకుని ఆనుకునేవాడు. తనిఖీ దగ్గరపడింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేక, ఎవరూ చూడకుండా స్టోరు గది తలుపు తోశాడు. ఒక్క కునుకు, అంతే. తన మంచం మీద, ఒకే ఒక్క కునుకు.

మంచం ఖాళీగా లేదు. కాళ్ళు మంచం దాటి బియ్యం బస్తా మీద ఉన్నాయి. మొహం మీద తువ్వాలు. డెన్మార్క్ జనరల్ మేనేజరు గారు గుర్రుపెడుతున్నారు.

ఇది నేను కళ్ళారా చూశానంటే నమ్మకండి. ఆ వేళప్పుడు నేను గింజల బుట్ట మీద తల పెట్టి హాయిగా నిద్రపోతున్నాను. ఆ నెల నా గింజలు సగం పిచ్చుకలే తినేశాయి. ఊళ్ళో మెలకువగా ఉండేది నేనొక్కణ్ణే అని మొదట్లో అన్నాను కదా, అది మీరు కథ వింటారని గొప్పకి అన్నమాట. జరిగిందంతా కుయ్‌ఫెన్ చెప్పగా విన్నాను. ఆవిడ మోకాళ్ళ మీద ఒట్టేసి చెప్పింది కాబట్టి చూసిన దానికన్నా గట్టిది.

గెంగన్న మగ్గుతో మంచం కోడు మీద తట్టాడు. స్కౌ ఉలిక్కిపడి లేచాడు.

“గెంగ్ మహాశయా! ఇది నిద్ర కాదు.”

“మరేంటండి?”

స్కౌ కాసేపు వెతుక్కున్నాడు. “పరిశీలన.”

గెంగన్నకి నవ్వాగలేదు. స్కౌకీ ఆగలేదు. తర్వాత స్కౌ తలొంచుకుని, పుస్తకం మర్చిపోయి, మామూలు మనిషిలా మాట్లాడాడు.

“మా దేశంలో మధ్యాహ్నం నల్లరొట్టె, చల్ల చేప. తింటే నిద్ర రాదు. ఇక్కడ మీ ఆవిరి రొట్టెలు, ఆ మాంసం... నువ్వు ఆపించాక కూడా వంటావిడ నాకు దాచి పెడుతోంది. నేనేం చెయ్యను?”

“ఏం చెయ్యక్కర్లేదండి. కొంచెం జరగండి.”

“ఎవరైనా చూస్తే?”

“ఒకరు పడుకుంటే ఒకరు తలుపు దగ్గర కాపలా. తేదీ చూసి వంతులేసుకుందాం.”

“ఆ రోజు నువ్వు కుదరదన్నావు,” అన్నాడు స్కౌ ఉన్నట్టుండి. “నిజంగానే అన్నావు కదూ?”

“నిజంగానే అన్నానండి.”

“హెడ్డాఫీసుకి చెప్పకు.”

“మా కార్యదర్శి గారికి చెప్పకండి.”

ఆ ఉమ్మడి కంపెనీలో నిజంగా ఉమ్మడిగా నడిచింది ఆ ఒక్క మంచమే.

తనిఖీ బృందం వచ్చింది. భోజనం ముగించి షాపులన్నీ తిరిగింది. ఎక్కడ చూసినా ముసుగులు, ముసుగుల కింద నిటారుగా మనుషులు, చుట్టూ కవాతు పాటలు. ఒక్క మూసిన కన్నూ కనపడలేదని రాసిచ్చారు. రాసిచ్చాక వాళ్ళకీ మూడు ముసుగులు కావాలన్నారు, జ్ఞాపకంగా. లియుహె ఆదర్శ కంపెనీల లిస్టులోకి ఎక్కింది. ఫ్లాటు తాళాలు రాబోయే పండక్కి ఇస్తామన్నారు. కుయ్‌ఫెన్ ముందే కర్టెన్ గుడ్డ కొనేసింది. పసుప్పచ్చ పూలది.

స్కౌ గడువు తీరి డెన్మార్క్ వెళ్ళిపోయాడు. స్టేషన్లో గెంగన్న ఆయనకి కొత్త సత్తు మగ్గు ఒకటి ఇచ్చాడు. ఆయన పుస్తకంలో లేనట్టు కౌగిలించుకున్నాడు.

పండగ రాకముందే హెడ్డాఫీసు నుంచి మెయిలు వచ్చింది. ఛియావ్ గారు మళ్ళీ ఎర్రగుడ్డ పరిపించారు, మళ్ళీ మైకు గోకారు.

“పడమటి శాస్త్రజ్ఞులు ఒక మహత్తర విషయం కనిపెట్టారు! భోజనం తర్వాత మనిషి కాసేపు పడుకుని కళ్ళు మూసుకుంటే ఉత్పత్తి పెరుగుతుంది! దీని పేరు ప్రశాంత మధ్యాహ్న విధానం. ఇన్నాళ్ళూ మనకీ జ్ఞానం లేకుండా పోయింది. ఎంత వెనకబడి ఉన్నాం! ఈ నెల నుంచే ట్రైనింగు. పాసైనవారికే మంచం!”

సభ అయ్యాక గెంగన్న మెట్ల దగ్గర పట్టుకున్నాడు. “కార్యదర్శి గారూ, ఇది మన నిద్రేనండి.”

“నోరు ముయ్యి. మన నిద్ర సోమరితనం. ఇది దిగుమతి.”

“మరి నా మెలకువ విభాగం?”

“రద్దు. దాని చోట ప్రశాంతి విభాగం. డిప్యూటీవి నువ్వే ఉంటావు, సర్టిఫికెట్ ఉండాలి అంతే. నీకేంటయ్యా, నిద్రలో పుట్టినవాడివి! కళ్ళు మూసుకుని పాసవుతావు.”

గెంగన్నకీ అదే ధైర్యం. కుయ్‌ఫెన్ కర్టెన్ కుట్టడం మొదలెట్టింది.

షాంఘై నుంచి యాన్ మేడమ్ అనే నిపుణురాలు వచ్చింది. నీలం కోటు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో నిగనిగలాడే పాఠ్యపుస్తకం. ఎనిమిది దశల్లో కళ్ళు మూసుకోవడం నేర్పింది. తర్వాత హాలులో పరీక్ష. భోజనాలయ్యాకే పెట్టారు, శాస్త్రం ప్రకారం.

ముందు బియాన్‌ని పిలిచారు.

“కళ్ళు ఎందుకు మూసుకుంటాం?”

“వెలుతురు పడకుండానండి.”

“తప్పు. అంతరంగ సమన్వయం కోసం. లేచేముందు ఏం చేయాలి?”

“మా ఆవిడ తిట్టాలండి.”

బియాన్‌కి మళ్ళీ రాసుకోవడానికి ఒక అవకాశం ఇచ్చారు.

ఛియావ్ గారు జనానికి ఆదర్శంగా తనూ పరీక్షకి పడుకున్నారు. చేతులు పక్కన, గడ్డం పైకి, బూట్లు సమాంతరంగా. ఒక్క క్షణం నిద్రపోలేదు. నోటి చివర నుంచి సెక్రటరీకి ఆర్డర్లు చెబుతూనే ఉన్నారు. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేం అంటారు. ఆయన్ని లేపడానికి ఎవరూ ప్రయత్నించలేదు. అన్ని దశల్లోనూ నూటికి నూరు వచ్చాయి. బంగారు పతకం వేశారు.

తర్వాత గెంగన్న. పాఠ్యపుస్తకాన్ని అప్పుడే మొదటిసారి దగ్గర్నుంచి చూశాడు. అట్ట మీద బొమ్మ. ఆకుపచ్చ మడతమంచం, ముఖం మీద సగానికి తువ్వాలు, గుండె మీద అంచు పెచ్చులూడిన సత్తు మగ్గు. కింద ఒకే మాట: ‘పరిష్కారం’.

“మేడమ్, ఇది నేనేనండి.”

యాన్ మేడమ్ చిరునవ్వు నవ్వింది. “ఇది హెడ్డాఫీసు ఆదర్శ భంగిమ. డెన్మార్క్ నుంచి వచ్చింది.”

“వచ్చింది అక్కణ్ణించే అయినా, పడుకున్నది ఇక్కడేనండి. ఆ మంచం స్టోర్లో ఉంది. ఆ మగ్గు ఇదిగో.”

“మగ్గులు చాలామందికి ఉంటాయి.”

“గెంగన్నే మేడమ్!” వెనకనుంచి బియాన్ అరిచాడు. “ఆ గడ్డం ఇంకెవరికుంటుంది?”

యాన్ మేడమ్ పుస్తకాన్ని గెంగన్న మొహం పక్కన పెట్టి శ్రద్ధగా పోల్చింది. “పోలిక లేదు. ఈయన కళ్ళు మూసుకుని ఉన్నారు. మీరు తెరిచి ఉన్నారు.”

“మూసుకుంటే ఒప్పుకుంటారా?”

“మూయండి, చూద్దాం.”

గెంగన్న మంచం మీద పడుకున్నాడు. తువ్వాలు కప్పుకున్నాడు. మగ్గు గుండె మీద పెట్టుకున్నాడు. ఎన్నో నెలల తర్వాత, పట్టపగలు, అందరి ఎదుట, ప్రభుత్వ అనుమతితో కళ్ళు మూసుకున్నాడు. మగ్గు లేచింది, దిగింది, లేచింది. అచ్చు బొమ్మే.

“ఇప్పుడు మొదటి దశ పేరు చెప్పండి,” అంది యాన్ మేడమ్.

మగ్గు దిగింది.

“మొదటి దశ పేరు?”

మగ్గు లేచింది. ఒక్క చుక్క ఒలకలేదు.

“గెంగన్నా!” బియాన్ పిలిచాడు. “ఒక్క మాట చెప్పవయ్యా! ఫ్లాటు పోతుంది! కుయ్‌ఫెన్ వదిన కర్టెన్లు కుట్టేసింది!”

గెంగన్న పని గంటకి ముందే తనంతట తనే లేచేసరికి హాలు ఖాళీ. మంచం కాలికి కాగితం కట్టి ఉంది. అభ్యర్థి సిద్ధాంత భాగంలో నిద్రపోయినందున ఫెయిల్.

“నియమం నియమమేనయ్యా,” అన్నారు ఛియావ్ గారు, పతకం తుడుచుకుంటూ. “నిద్రపోవడం ఎవడికైనా వస్తుంది. ప్రశాంతంగా ఉండటం రావాలి.”

ప్రశాంతి విభాగం డిప్యూటీ పదవీ, దక్షిణం కిటికీ ఫ్లాటూ ఛియావ్ గారి బావమరిదికి వెళ్ళాయి. ఆయన పరీక్ష రాయలేదు గాని, ఛియావ్ గారి సర్టిఫికెట్ కుటుంబానికంతటికీ వర్తిస్తుందని యాన్ మేడమ్ పరిశీలించి చెప్పింది.

గెంగన్నని గేటు గదికి వేశారు. సంగతి విని కుయ్‌ఫెన్ పాత ఇంటి నుంచి గేటుదాకా ఆగకుండా తిడుతూ వచ్చింది, కుట్టిన కర్టెన్ చంకలో పెట్టుకుని.

“ముప్పయ్యేళ్ళు నిద్రపోయి, నిద్రపోవడంలో ఫెయిలైన మొగుణ్ణి నేనెక్కడా చూళ్ళేదు! ఆ షాంఘై పిల్ల అడిగినప్పుడు నోరు తెరిస్తే నీ సొమ్మేం పోయింది?”

“ఎలా తెరవనే? పడుకున్నాను కదా.”

ఆవిడ ఇంకో తిట్టు ఎత్తుకుంటూ కిటికీ దాకా వచ్చింది. కాళ్ళ మీద వెచ్చగా తగిలింది. కిందికి చూసుకుంది. గది నిండా ఎండ.

మా వైపు ఫ్యాక్టరీ గేట్లన్నీ దక్షిణం వైపే పెడతారు. అడిగితే నేనే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

కుయ్‌ఫెన్ ముక్కాలి పీట లాక్కుని కిటికీ పక్కన కూచుంది. పాంటు మోకాళ్ళ పైదాకా మడుచుకుంది. “ఈ కిటికీ కొలతకి కర్టెన్ కొంచెం పొడుగవుతుందేమోనయ్యా,” అంది.

గెంగన్న కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. మగ్గు లేస్తోంది, దిగుతోంది. ఆయన ఆకుపచ్చ మడతమంచాన్ని ఫ్యాక్టరీ మ్యూజియంలో గాజుపెట్టెలో పెట్టారు, డెన్మార్క్ కానుక అని కింద రాసి.

ఇదంతా అక్షరాలా నిజం. పంపు తిరగబడి తోడటం, ముసుగులూ, పతకమూ, అన్నీ. కల్పించింది ఇంకొక్కటే, అది కూడా ఒప్పుకుంటాను. మొదటి సభలో చప్పట్లకి హాలు దద్దరిల్లిందనీ, పావురాళ్ళు లేచిపోయాయనీ చెప్పాను. చప్పట్లు లేవు. భోజనాలయ్యాక పెట్టిన సభ కదా, అందరూ నిద్రపోతున్నారు. పావురాళ్ళు కూడా. ఛియావ్ గారికి ఇప్పటికీ తెలియదు. ఆయన కాగితం మీంచి తలెత్తరు.